గట్టు లెక్క: ఎచిగో–త్సుమారి భూమి కళోత్సవ నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఎచిగో–త్సుమారి భూమి కళోత్సవ కార్యనిర్వాహక సంఘం పెద్దలకు, తోకామాచి నగర పాలకులకు, త్సునాన్ పట్టణ పాలకులకు, ప్రధాన దర్శకులు కితగావా ఫ్రామ్ గారికి,

నమస్కారాలు.

నేను కోనసీమలో వరి పండించే ఇంట పుట్టి, ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నదాన్ని. 2018 వేసవిలో, మీ ఉత్సవానికి చేయందించే కొహెబి-తాయ్ బృందంలో స్వచ్ఛంద సేవకురాలిగా, మొదటిసారి మీ కొండల్లోని మత్సుదాయ్ స్టేషనులో రైలు దిగాను. ఆ తర్వాత 2022, 2024 ఉత్సవాలకే కాక మధ్య మధ్య నాట్లకూ కోతలకూ వచ్చాను, రెండు చలికాలాల్లో ఇళ్ల కప్పుల మీది మంచు తోడటానికీ వచ్చాను. ఈ లేఖకు జపనీయ అనువాదం మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. అయినా ముందు తెలుగులోనే రాసి అందరి ఎదుటా పెట్టడానికి కారణం ఉంది. మడి గురించీ గట్టు గురించీ నాకు సరైన మాటలు అమ్మభాషలోనే దొరుకుతాయి. పైగా కొండల్లో, పల్లెల్లో కళను నిలబెట్టాలని ఆలోచించే తెలుగువారు ఎవరైనా ఉంటే, మీ పాతికేళ్ల అనుభవం వారికీ తెలియాలని నా కోరిక.

నేను అడగదలచుకున్నది మొదటే చెబుతాను. సుమారు మూడేళ్లకోసారి జరిగే ఉత్సవం ముగిసిన ప్రతిసారీ ఎంతమంది వచ్చారు, ఎన్ని కళాకృతులు నిలబడ్డాయి, ఎన్ని దేశాల కళాకారులు పాల్గొన్నారు అని మీరు లెక్క ప్రకటిస్తారు. దాని పక్కనే, అదే పేజీలో, అదే అక్షరాల పరిమాణంలో మరొక లెక్క ఏటేటా ప్రకటించండి. ఈ ఏడు ఎన్ని మెట్ల మడుల్లో నాట్లు పడ్డాయి, ఎన్ని గట్లు తిరిగి మెత్తారు, ఎన్ని పాడుబడిన ఇళ్ల కప్పుల మీద మంచు తీశారు, ఈ పనులు ఎవరు చేశారు, వారి వయసెంత అన్నది ఆ లెక్క. కొత్త కళాకృతులకు చోటు ఇచ్చే ముందు ఈ రెండో లెక్కను చూసి నిర్ణయించండి.

ఇది చిన్న కోరికలా కనిపించవచ్చు, కానీ మీ ఉత్సవం పుట్టిన తీరును గుర్తుచేసుకుంటే ఇదే అసలు విషయమని మీకే తెలుస్తుంది. జపాన్‌లోని నీగాతా ప్రాంతపు దక్షిణ కొండల్లో దాదాపు 760 చదరపు కిలోమీటర్ల మేర, సుమారు 200 పల్లెల మధ్య కళాకృతులను చెదరగొట్టి పెట్టాలని మీరు 1990ల చివర్లో ప్రతిపాదించినప్పుడు, ఊళ్ల పెద్దలు చాలామంది ముఖం మీదే కాదన్నారు. పిల్లలు పట్నాలకు పోతున్నారు, బడులు మూతపడుతున్నాయి, ఇలాంటి వేళ కళ ఏమిటని వారు అడిగిన ప్రశ్నలో న్యాయముంది. కితగావా గారు, మీరు ఆ ప్రశ్న నుంచి తప్పించుకోకుండా ఊరూరా కూర్చుని మాట్లాడారు. సమావేశాల సంఖ్య రెండు వేలు దాటిందని విన్నప్పుడు నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. ఆ సమావేశ మందిరాల్లో చాపల మీద కూర్చుని టీ తాగుతూ, మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడిగే వృద్ధులను కలిశాక మాత్రం నమ్మకం కుదిరింది. 2000లో మొదటి ఉత్సవం జరిగింది. ఆ ఏడు 1,60,000 మందికి పైగా వచ్చారు. 2018 నాటికి ఆ సంఖ్య 5,40,000 దాటింది. ఈ పెరుగుదలను నేను తక్కువ చేయడం లేదు. ఆ జనంలో నేనూ ఒకదాన్ని.

మొదటి ఉత్సవంలోనే ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతులు మత్సుదాయ్ ఎదుటి కొండవాలులో మెట్ల మడుల మధ్య నీలం, పసుపు రంగుల మనుషుల ఆకారాలు నిలిపారు. దున్నేవాడు, విత్తేవాడు, నాటేవారు, కోసేవాడు, పంటను అమ్మకానికి మోసుకుపోయేవాడు. ఇవతలి వేదిక నుంచి చూస్తే, ఆ పనులను వర్ణించే కవితా పంక్తులు గాలిలో వేలాడుతూ ఆకారాల మీదుగా కనిపిస్తాయి. ఆ మడుల యజమాని గాయపడి, వయసు మీదపడి, అప్పటికే సాగు మానుకుందామనుకుంటున్నారు. తన మడుల్లో బొమ్మలు పెట్టడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. కబకోవ్‌ల రూపకల్పనలో తన పనిని ఎలా చూశారో తెలిసిన తర్వాత మనసు మార్చుకుని, కళాకృతికి చోటివ్వడమే కాకుండా మరికొన్నేళ్లు స్వయంగా సాగు చేశారు. ఆయన ఆపేశాక ఆ మడులను పండించే బాధ్యత ఉత్సవానికి వచ్చింది.

ఈ ఒక్క సంఘటనలోనే మీ మొత్తం ఉత్సవం ఉందని నేను అనుకుంటాను. ఆ కళాకృతిలో కబకోవ్‌లు చేసినది సగమే. ఆకారాల వెనుక మడిలో నీళ్లు నిలవాలి, నారు పచ్చబడాలి, కంకి వంగాలి. అప్పుడే అది కబకోవ్‌ల 'వరి మడులు' అవుతుంది. మడి బీడుపడి రెల్లు లేచిన ఏడు అక్కడ మిగిలేవి రంగు వేసిన రేకులే. అంటే ప్రతి వసంతంలో ఎవరో ఒకరు పార పట్టుకుని గట్టు మెత్తితేనే ఆ కళాకృతి మళ్లీ పుడుతుంది. మ్యూజియంలో బొమ్మకు దుమ్ము తుడిస్తే చాలు, ఇక్కడ బొమ్మ బతకాలంటే వ్యవసాయం చేయాలి.

గట్టు గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే చూడటానికి వచ్చేవారిలో చాలామందికి అది నడిచే దారిగానే కనిపిస్తుంది. మా కోనసీమలో నేల చదును, కాలువ నీరు దానంతటదే పారుతుంది. గట్టుకు గండిపడితే మహా అయితే పక్క మడిలోకి నీరు పోతుంది, మళ్లీ మడవ తిప్పుకోవచ్చు. త్సుమారి కొండల్లో అలా కాదు. అక్కడ ఎన్నో మడులకు పై నుంచి వచ్చే కాలువ లేదు, మంచు కరిగిన నీరూ వాననీరే ఆధారం. ఆ నీటిని కొండవాలులో ఆపి ఉంచేది జానెడు మట్టి గోడ మాత్రమే. ఏప్రిల్ చివర్లో మంచు వెనక్కి తగ్గగానే, ఎనభై దాటిన ఒక ఒబాచాన్ (బామ్మ) నాకు గట్టు మెత్తడం నేర్పారు. నిరుటి గట్టు లోపలి వైపును ముందు పారతో పలచగా చెక్కాలి. అందులో మొగురా అనే నేలతొలిచే జీవి చేసిన బొరియలుంటే, చెయ్యి పెట్టి చివరిదాకా వెతికి, మట్టి కూరి, కాలితో తొక్కాలి. తర్వాత మడి బురదను పారెడు పారెడు ఎత్తి గట్టు మీద వేసి, పార వీపుతో కిందినుంచి పైకి ఒక్క ఊపున నున్నగా లాగాలి. ఆమె లాగితే అద్దంలా మెరిసేది. నేను లాగిన చోట మడతలు పడేవి. ఆ మడతల్లో వేలు పెట్టి చూపించి, "ఇక్కడి నుంచే కారుతుంది" అని మాత్రం అనేవారు. మా నాన్న చెప్పినదీ ఇదే మాట. పీత బొక్కను పైపైన మూస్తే లాభం లేదు, అది ఎక్కడ మొదలైందో అక్కడ మూయాలి అనేవారు ఆయన.

మెట్ల మడి ఒక్క రైతు సొత్తులా కనిపించినా, అది కింది మడులన్నిటి భారాన్నీ మోస్తుంది. ఆ ప్రాంతపు కొండలు జారిపడే బంకమట్టివి. మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలం మట్టి మెత్తగా, అతుక్కుని ఉంటుంది. ఒకసారి ఎండి బీటలు వారితే, తర్వాతి వాన ఆ బీటల్లోంచి కొండ లోపలికి దిగుతుంది. అందుకే హోషితోగె పల్లెలో చాలామంది రైతులు కోతల తర్వాత, మంచు పడే ముందే, మడులకు మళ్లీ నీరు పెడతారు. దాదాపు 200 మడులు ఆకాశాన్ని ప్రతిబింబించే ఆ దృశ్యం కోసం తెల్లవారుజామున కెమెరాలతో జనం వరుస కడతారు. ఆ అద్దం అందం కోసం పుట్టింది కాదు, మట్టి పగలకుండా కాపాడటానికి పుట్టింది.

ఆ ఒబాచాన్ మడి దగ్గరే నేను చూసిన ఒక ఘటన ఉంది. ఒక శరదృతువు ఉదయం ఎవరో సందర్శకుడు మంచి కోణం కోసం తాళ్లు దాటి గట్టు మీదికి వెళ్లి, మూడుకాళ్ల కెమెరా స్టాండును మెత్తటి మట్టిలో దిగగొట్టాడు. పై మడి నీరు ఆ మూడు గుంటల్లో ఒకదాని గుండా దిగువకు జారడం మొదలైంది. మధ్యాహ్నానికి బొటనవేలంత గుంట అరచేయంత అయింది. ఒబాచాన్ ఎవరినీ ఏమీ అనలేదు. నడుము పట్టుకుని కొట్టం దగ్గరికి నడిచి, పార తెచ్చుకుని, గంటసేపు వంగి పని చేశారు. అతను అప్పటికే తదుపరి కళాకృతి వైపు వెళ్లిపోయాడు. అతన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. గట్టు అంటే ఏమిటో అతనికి చెప్పాల్సిన చోట మనమెవరమూ లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మీరిచ్చే పటంలో కళాకృతి పేరు, కళాకారుడి దేశం ఉంటాయి. ఆ మడి పేరు, దాన్ని ఎన్ని తరాలు ఎత్తికట్టాయన్న సంగతి కూడా అందులో చేర్చండి.

చలికాలం గురించి కూడా ఇదే మాట చెప్పాలి. ఎండాకాలంలో వచ్చేవారికి మూడు, నాలుగు మీటర్ల మంచు ఊహకందదు. మత్సునోయామా వైపు జనవరిలో ఇంటి కప్పు మీది మంచును నాలుగైదు రోజులు తీయకపోతే దూలాలు మూలగడం వినబడుతుంది. మనిషి ఉన్న ఇల్లు ఏదోలా నిలబడుతుంది. మనిషి లేని ఇల్లు కొన్ని చలికాలాల్లో నేలమట్టమవుతుంది. హోషితోగె దగ్గర నిహోన్ విశ్వవిద్యాలయపు శిల్ప విద్యార్థులు నూట యాభై ఏళ్లు దాటిన ఒక పాత ఇంటిని తీసుకుని, నేల, గోడలు, దూలాలు, స్తంభాలు అన్నిటినీ రెండేళ్లకు పైగా ఉలితో చెక్కి, 2006లో దానికి 'చర్మం వదిలే ఇల్లు' అని పేరు పెట్టారు. పొగచూరిన నల్లటి పైపొర కింద లేత చెక్క బయటపడి, ఇల్లంతా చేప పొలుసుల్లా మెరుస్తుంది. ఆ లోపల నిలబడి నేను చాలాసేపు మాటలు రాక ఉండిపోయాను. అయితే ఆ ఉలిగాట్లన్నీ కప్పు కిందే ఉన్నాయి. కప్పు మీద మంచు తోడే చేతులు లేని ఏడు, ఆ రెండేళ్ల శ్రమ ఒక్క రాత్రిలో పోతుంది.

ఉబుసునా ఇంటి సంగతీ అంతే. 1924లో కట్టిన ఆ పూరికప్పు ఇల్లు 2004 అక్టోబరు 23 నాటి చుఎత్సు భూకంపంలో దెబ్బతింటే, కుమ్మరి కళాకారులు పొయ్యి, తొట్టి, కంచాలతో సహా దాన్ని మట్టిపాత్రల ఇల్లుగా తిరిగి లేపారు. ఆ ఊరి ఆడవాళ్లే అక్కడ వండి వడ్డిస్తున్నారు. ఆ భూకంపం తర్వాత కొహెబి-తాయ్ యువత కళ సంగతి పక్కనపెట్టి, పడిపోయిన ఇళ్ల సామాన్లు సర్దడానికి ఊళ్లలోకి వెళ్లింది. అంతదాకా దూరం నుంచి చూసిన ఊళ్లు ఆ చలికాలంలోనే వారిని తమవాళ్లుగా చూడటం మొదలుపెట్టాయని పెద్దలు నాకు చాలాసార్లు చెప్పారు. ఆ నమ్మకం ఉత్సవం జరగని నెలల్లో సంపాదించుకున్నది.

పర్యావరణ కళ అన్న మాట ఈ మధ్య చాలా తేలిగ్గా వాడుతున్నారు. ఆకులతోనో కర్రలతోనో చేసిందల్లా అదే అయిపోతోంది. ఇసోబె యుకిహిసా గారు ఇక్కడ చేసినది నా దృష్టిలో ఆ మాటకు అసలైన అర్థం. 2000లో ఆయన షినానో నది ఒకప్పుడు ఎక్కడ పారేదో వెతికి, పొలాల మీదుగా మూడున్నర కిలోమీటర్ల పొడవునా పసుపు జెండాల కర్రలు పాతి, మాయమైన నది దారిని మళ్లీ నేల మీద గీశారు. 2011 మార్చి 12 నాటి భూకంపంలో త్సునాన్ కొండ విరిగి బురద ప్రవాహం దిగిన చోట, అది ఎంతదూరం వచ్చి ఎక్కడ ఆగిందో పసుపు స్తంభాలతో గుర్తుపెట్టి 2015లో చూపించారు. ఆ స్తంభాల మధ్య నడిస్తే మట్టి ఎంత మేర వచ్చిందో మన కాళ్లకు తెలుస్తుంది. ప్రమాదం ఎక్కడుందో ఆ ఊరి పిల్లలకు అది నేర్పుతుంది. నదీ కొండా మనిషికి చేసినదాన్నీ, మనిషి నదికి చేసినదాన్నీ దాచకుండా చూపే కళ అది.

మరోవైపు, కియోత్సు లోయ సొరంగంలో 2018లో వచ్చిన కళాకృతి తర్వాత జనం ఎంతలా పెరిగారో మీకు నాకంటే బాగా తెలుసు. 750 మీటర్ల ఆ సొరంగం చివర నేల మీది పలచటి నీటిలో లోయ తలకిందులుగా కనిపించే చోటు నిజంగా గొప్పది. రద్దీ రోజుల్లో ముందుగా సమయం కేటాయించుకుంటే తప్ప లోపలికి వెళ్లలేని పరిస్థితి. నా భయం ఆ కళాకృతి గురించి కాదు. వచ్చినవారిలో చాలామంది అదొక్కటే చూసి, ఫోటో తీసుకుని, కొండ దిగిపోతున్నారు. జనం సంఖ్య ఒక్కదాన్నే కొలిస్తే, తర్వాతి విడతకు అలాంటివే ఇంకా కావాలన్న ఒత్తిడి మీ మీద పెరగడం సహజం. ఒక పల్లె నుంచి మరో పల్లెకు వంకర దారుల్లో తిరిగి, దారి తప్పి, ఎవరి ఇంటి ముందో ఆగి నీళ్లడిగి, చివరకు ఒక చిన్న కళాకృతిని చేరుకోవడం అన్న మీ మొదటి ఆలోచన అప్పుడు మెల్లగా జారిపోతుంది. మీరు ఆ దూరాన్ని కావాలనే పెట్టారు. దయచేసి దాన్ని తగ్గించవద్దు.

మూతపడిన బడుల్లో మీరు చేసింది మరువలేనిది. హాచి పల్లె బడి 2005లో మూతపడినప్పుడు మిగిలిన ముగ్గురు పిల్లలనే కథగా చేసుకుని, తషిమా సెయిజో గారు నీటిలో కొట్టుకొచ్చిన కర్రలకూ గింజలకూ రంగులు వేసి గదులన్నిటా నింపారు. మత్సునోయామాలోని మరో బడిలో క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ, జాన్ కాల్మన్ కలిసి చీకటి, గడ్డి వాసన, ఊగే దీపాలు, గుండె చప్పుడుతో 'చివరి తరగతి'ని నిర్మించారు. బోల్టాన్‌స్కీ 2021లో, ఇల్యా కబకోవ్ 2023లో కన్నుమూశారు. చేసినవారు వెళ్లిపోయిన తర్వాత ఈ పనులను చూసుకునేది ఊళ్లే. ఆ ఊళ్లలో మిగిలిన పెద్దవారూ వెళ్లిపోతే? తోకామాచి జనాభా ఇప్పుడు యాభై వేల లోపుకు వచ్చింది. కొన్ని పల్లెల్లో గడపలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరే లేనప్పుడు ఆ ఊరి కోసం చేసిన కళాకృతి ఏమవుతుందన్న ప్రశ్నను ఇప్పుడే, అందరం బతికి ఉన్నప్పుడే, కాగితం మీద పెట్టుకోవాలి. కొత్తగా చేసే ప్రతి పనికీ ఒప్పందంలోనే మూడు సంగతులు రాయించండి: దాని చలికాలపు బాధ్యత ఎవరిది, ఎన్నేళ్లు, ఊరు ఖాళీ అయిన రోజున దాన్ని నేలలో కలవనివ్వాలా, తరలించాలా. కలిసిపోవడమే సరైన ముగింపని కళాకారుడూ ఊరూ అనుకుంటే అదీ గౌరవమే, కానీ నిర్లక్ష్యం వల్ల కూలిపోవడం అలాంటిది కాదు.

ఈ దిశగా మీరు ఏమీ చేయలేదని నేను అనడం లేదు. బయటివారు డబ్బు చెల్లించి ఒక మడికి పెంపుడు తల్లిదండ్రులయ్యే మత్సుదాయ్ మెట్ల మడుల బ్యాంకు 2003 నుంచి నడుస్తోంది. నిర్వహణ చూసే సహకార సంస్థ 2008లో ఏర్పడింది. 2015లో మొదలైన మహిళల ఫుట్‌బాల్ జట్టు క్రీడాకారిణులు పొద్దున బురదలో దిగి, సాయంత్రం మైదానంలో పరుగెత్తడం నేను కళ్లారా చూశాను. ఒకమ్మాయి గోళ్ల సందుల్లో బురద అలాగే ఉండగా గోల్ కొట్టింది. ఈ పనులు ఇప్పుడు మీ ప్రకటనల్లో చివరి పేజీలో ఉన్నాయి. వీటిని ముందు పేజీకి తెండి. కళాకృతులు చూడటానికి మీరు అమ్మే పాస్‌పోర్టు టికెట్టు డబ్బులో ఒక భాగం ఆ ఊరి సంఘం చేతికే, మంచు తోడే కూలికీ గట్టు పనికీ ఖర్చు పెట్టుకునేలా, నేరుగా వెళ్లనివ్వండి. ఎంత భాగమన్నది ఊళ్లతో కూర్చుని తేల్చండి. అలా కూర్చోవడం మీకు కొత్త కాదు.

నా దేశానికీ మీ కొండలకూ ఉన్న ఒక పాత బంధాన్ని కూడా గుర్తుచేస్తాను. మీ ఉత్సవం పుట్టకముందే, 1982లో హసెగావా తోకియో గారు తోకామాచి శివారులో మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాలలో మిథిలా చిత్రాల మ్యూజియం పెట్టారు. బిహారు నుంచి గంగాదేవి గారు అక్కడికి వచ్చి, ఉండి, గీశారు. ఉత్సవం కోసం కాకుండా, గీయడానికి తగినంత సమయం ఇచ్చి, ఆ సమయమంతా ఆమెను ఇంటి మనిషిలా చూసుకున్న చోటు అది. మూతపడిన బడిని కళతో తెరవవచ్చని ఆ కొండల్లో ముందుగా చూపినవాటిలో ఆ మ్యూజియం ఉంది. ఏళ్ల తరబడి ఉండి చేసే పనికీ, కొద్ది నెలల ఉత్సవానికీ తేడా ఎక్కడుందో అక్కడికి వెళితే తెలుస్తుంది. తదుపరి విడతకు పిలిచే కళాకారుల్లో కొందరినైనా ఒక పూర్తి ఏడాదికి, మంచుతో సహా, పిలవండి. గట్టు మెత్తిన చేత్తోనే వారు తమ పని మొదలుపెట్టనివ్వండి.

వచ్చే ఏప్రిల్ చివర్లో నేను మళ్లీ మత్సుదాయ్ వస్తున్నాను. ఒబాచాన్ గారికి మోకాళ్లు సరిగా లేవనీ, ఆమె పై మడిని ఈ ఏడు ఎవరు తీసుకుంటారో ఇంకా తేలలేదనీ విన్నాను. ఆ మడి గట్టు నేనే మెత్తుతాను. లెక్క మొదలుపెట్టాలని మీరు నిర్ణయిస్తే, మొదటి వరుసలో దాన్ని రాయండి.

గౌరవంతో,
కొహెబి-తాయ్‌లో పనిచేసిన ఒక కోనసీమ రైతు కూతురు